దివిటీకి రాపిడి నిప్పు: యాభై మూడు రోజుల ప్రాజెక్టు డైరీ

2024 సెప్టెంబరు 8, ఆదివారం

ఈ దీపావళి రాత్రి మా గుమ్మం ముందు వెలిగే మొదటి దివిటీకి అగ్గిపుల్లతో గాని లైటరుతో గాని నిప్పు పెట్టకూడదని, రెండు కట్టెల ఒరిపిడి నుంచి పుట్టిన నిప్పుతోనే దాన్ని వెలిగించాలని నిన్న వినాయక చవితి పూజ ముగిసిన తరువాత నిశ్చయించుకున్నాను. ఆ దివిటీ నుంచి కాకరపువ్వొత్తి, దాని నుంచి చిచ్చుబుడ్లు, మతాబులు, భూచక్రాలు అన్నీ వెలగాలి. అమావాస్య అక్టోబరు 31న వస్తున్నది కనుక నాకు యాభై మూడు రోజుల వ్యవధి ఉంది.

నేను మొదట అనుకున్నది ఇది కాదు. బాణసంచా వత్తి చివర అమర్చి గరుకు పట్టీ మీద గీయగానే అంటుకునే చిన్న రాపిడి మూతలను సొంతంగా తయారు చేయాలన్న కోరిక నాకు చాలా కాలంగా ఉండేది. అగ్గిపెట్టె చరిత్రను శ్రద్ధగా చదివిన తరువాత ఆ కోరికను పూర్తిగా విడిచిపెట్టాను. ఇంగ్లండులోని స్టాక్టన్ పట్టణంలో మందుల వ్యాపారి జాన్ వాకర్ 1827లో అమ్మడం మొదలుపెట్టిన రాపిడి పుల్లల్లో మండే సరుకంతా పుల్ల తలలోనే ఉండేది. గరుకు కాగితం మధ్య నుంచి లాగితే అది అంటుకునేది, ఒక్కొక్కసారి తల ఊడి నిప్పుతోనే నేల మీద పడేది. 1844లో స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ ఎరిక్ పాష్ చేసిన మేలు ఏమిటంటే, ఒకదానితో ఒకటి కలిస్తే భగ్గుమనే పదార్థాలను విడదీసి, ఒకదాన్ని పుల్ల తలలోను మరొకదాన్ని పెట్టె పక్కనున్న పట్టీ మీదను ఉంచడం. మనం రోజూ వాడే అగ్గిపెట్టె భద్రత అంతా ఆ దూరంలోనే ఉంది. ఇంట్లో కూర్చుని రాపిడి మూతలు చేయడమంటే ఆ దూరాన్ని చేతులారా చెరిపివేయడమే. కలుపుతున్నప్పుడే, ఆరబెడుతున్నప్పుడే అవి అంటుకోగలవు. పైగా 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ప్రకారం అటువంటి తయారీకి లైసెన్సు ఉండాలి. ఇంట్లో పదేళ్ల పాప ఉంది. అందువల్ల రసాయనాల జోలికి పోకుండా, ఒరిపిడి మాత్రమే నిప్పును పుట్టించే పద్ధతిని నేర్చుకుంటాను.

సెప్టెంబరు 15, ఆదివారం

ఈ వారమంతా కలప వెతకడంతోనే సరిపోయింది. విల్లుతో కదురును తిప్పి నిప్పు చేసే పద్ధతిని ఎంచుకున్నాను. అడుగున ఒక పలక, దాని మీద నిలువుగా నిలిచే కదురు, కదురుకు ఒక చుట్టు చుట్టిన తాడు, ఆ తాడును ముందుకూ వెనక్కూ లాగే విల్లు, కదురు నెత్తిన నొక్కి పట్టే దిమ్మ: ఇంతే సామగ్రి. పెరుగు చిలికే కవ్వాన్ని తాడుతో తిప్పడం చూసినవారికి ఇది వేరే వివరించనక్కర లేదు.

మా వీధి చివర వడ్రంగం చేసే బాబాయి దగ్గర పాత పనిముట్ల పెట్టెలో వాళ్ల నాన్నగారి కాలం నాటి తాడు బరమా, అంటే తాడుతో తిప్పి కర్రకు బెజ్జం వేసే పనిముట్టు, ఒకటి ఉంది. దాన్ని చూపించి, "బాబాయ్, ఇలాగే తిప్పితే కర్రకు నిప్పు వస్తుందంటారా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "నిప్పు సంగతి నాకు తెలీదు గానీ అబ్బాయ్, మొన అరిగిపోయిన బరమాతో బెజ్జం వేస్తే కర్ర కమురు వాసన వస్తుంది. మేం వెంటనే ఆపి మొన సానపడతాం. నీకు ఆ కమురే కావాలి కాబట్టి మొన మొద్దుగానే ఉంచుకో," అన్నారు. ఈ ప్రాజెక్టులో నాకు అందిన మొదటి అక్కరకొచ్చే మాట అదే.

పలక కోసం బూరుగు చెక్కను ఎంచుకున్నాను. తుమ్మ, చండ్ర వంటి గట్టి కర్రలు పొయ్యిలో ఎంత చక్కగా మండినా ఒరిపిడికి పొడి రాల్చక నునుపెక్కిపోతాయి. బూరుగు అలా కాదు. గోటితో నొక్కితే గుంట పడుతుంది, చేతిలోకి తీసుకుంటే ఇంత తేలికా అనిపిస్తుంది. మన దేశంలో అగ్గిపుల్లలకు బూరుగును, పెద్దమానును వాడుతూ వచ్చారని గుర్తుకు వచ్చినప్పుడు నా ఎంపిక మీద నమ్మకం కుదిరింది. ముప్ఫై సెంటీమీటర్ల పొడవు, ఎనిమిది వెడల్పు, ఒకటిన్నర మందం ఉండేలా బాబాయి కోసి ఇచ్చారు.

కదురుకు కిత్తనార దొరికింది. రైలు కట్ట వెంబడి ముళ్ల అంచుల ఆకులతో పెరిగే ఈ మొక్క ఒక్కసారే పువ్వెత్తి ఎండిపోతుంది. ఆ పూల కాడ నిలువునా ఆరి, లోపల బెండులాగా తేలికగా ఉంటుంది. విల్లుకు వంపు తిరిగిన జామకొమ్మ ఉంది. జిల్లేడు కర్ర కూడా పనికివస్తుందని ఒకరు చెప్పారు గాని, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం కనుక దాన్ని ఇంట్లోకి తీసుకురాలేదు.

సెప్టెంబరు 22, ఆదివారం

మొదటి ప్రయత్నం విఫలమైంది. వారం పొడుగునా ముసురు పట్టి ఉంది. వరండాలో ఒక బకెట్టు నీళ్లు, ఒక గంపెడు ఇసుక దగ్గర పెట్టుకుని, నూలు పంచె కట్టుకుని కూర్చున్నాను. ఇరవై సార్లు విల్లు లాగేసరికి తాడు జారడం మొదలయింది. నైలాన్ తాడు కదురును పట్టుకోలేదు, పురికొస మూడో నిమిషానికి తెగింది. కదురు రెండు సార్లు ఎగిరి గోడకు తగిలింది. చివరకు సన్నటి పొగ ఒక తీగలాగా లేచి ఆగిపోయింది. గుంట అంచున మిగిలిన పొడి లేత గోధుమ రంగులో, రంపపు పొట్టులాగా పీచుపీచుగా ఉంది. వేళ్ల మధ్య నలిపితే మెత్తబడలేదు.

సెప్టెంబరు 29, ఆదివారం

వాన వల్ల తిప్పడం కుదరక, కాగితం మీద లెక్క వేశాను. ఆ లెక్క నా అభిప్రాయాలను చాలా మార్చింది.

కదురు సన్నగా ఉంటే విల్లు ఒక్కసారి లాగినప్పుడు ఎక్కువ చుట్లు తిరుగుతుంది కనుక ఎక్కువ వేడి పుడుతుందని ఇంతవరకు అనుకున్నాను. పదహారు మిల్లీమీటర్ల కదురు చుట్టుకొలత సుమారు యాభై మిల్లీమీటర్లు. నలభై అయిదు సెంటీమీటర్లు లాగితే తొమ్మిది చుట్లు తిరుగుతుంది. పన్నెండు మిల్లీమీటర్ల కదురైతే దాదాపు పన్నెండు చుట్లు. అయితే చుట్లు పెరిగినంత మాత్రాన రాపిడి వేగం పెరగదు. కదురు అంచు వేగం ఎప్పుడూ తాడు వేగమే. కదురు సన్నబడితే చుట్లు ఎంత పెరుగుతాయో చుట్టుకొలత అంత తగ్గుతుంది. కాబట్టి పుట్టే మొత్తం వేడి నేను ఎంత గట్టిగా నొక్కుతున్నాను, ఎంత వేగంగా లాగుతున్నాను అన్న రెండింటి మీదనే ఆధారపడి ఉంటుంది. ఆరు కిలోల బరువుతో నొక్కి, సెకనుకు తొంభై సెంటీమీటర్ల చొప్పున లాగితే, కర్ర మీద కర్ర రాపిడిని మధ్యస్థంగా తీసుకున్నప్పుడు నాకు వచ్చిన జవాబు సుమారు పద్నాలుగు వాట్లు. ఒక ఎల్‌ఈడీ బల్బుకు సరిపోయే శక్తి మాత్రమే.

సన్న కదురుకు ఉన్న అసలు మేలు వేరు. పదహారు మిల్లీమీటర్ల కదురు అడుగు వైశాల్యం రెండు చదరపు సెంటీమీటర్లు, పన్నెండు మిల్లీమీటర్ల దానికి ఒకటి కన్నా కొంచెం ఎక్కువ. అదే వేడి దాదాపు సగం చోటులో ఇరుకుతుంది కనుక అక్కడ ఎక్కువగా కాలుతుంది. సన్న కదురు త్వరగా అరిగిపోతుందన్న ఇబ్బంది మాత్రం ఉంది.

అంతకన్నా ముఖ్యమైనది తేమ. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 జౌళ్ల వేడి కావాలి. నా పద్నాలుగు వాట్లు అంతా దానికే పోయినా రెండున్నర నిమిషాలు పైగా పడుతుంది. ఒక్క గ్రాముకే అంత. పోయిన ఆదివారం నేను చేసిన శ్రమంతా కర్రలోని నీటిని వేడి చేయడానికే ఖర్చయిందని అప్పుడు అర్థమయింది. పలకను వంటింటి తక్కెడలో తూచాను: 138 గ్రాములు. పొయ్యి వెచ్చదనం తగిలే అటక మీద పెట్టాను. ఇకపై రోజూ తూచి రాసుకుంటాను. బరువు తగ్గడం ఆగిన రోజున దాన్ని బయటకు తీస్తాను.

అక్టోబరు 6, ఆదివారం

పలక 138 నుంచి 121 గ్రాములకు దిగి మూడు రోజులుగా అక్కడే నిలిచింది. పదిహేడు గ్రాముల నీరు పోయిందన్న మాట. అమ్మ వడియాలు దాచే రేకు డబ్బా ఒకటి అడిగి తీసుకుని, పలకను, కదుళ్లను అందులో మూతపెట్టి ఉంచాను. ఎండ కాసిన రోజున డబ్బాతో సహా డాబా మీద పెడుతున్నాను.

తాడు స్థానంలో తోలు వారు వేశాను. జారడం లేదు. నెత్తిన నొక్కడానికి సగం కొబ్బరి చిప్పను అరచేతిలో బోర్లించి పట్టుకున్నాను. లోపలి గుండ్రదనం కదురు తలకు చక్కగా సరిపోయింది. అయితే పది లాగుళ్లకే కింద రావలసిన పొగ పైన చిప్పలో నుంచి వచ్చింది. కదురు రెండు చివరలూ ఒకే లావున ఉండటం వల్ల వేడిలో సగం నా అరచేతి కింద వృథా అవుతున్నది. పై చివరను పెన్సిలు మొనలాగా చెక్కి, చిప్పలో రెండు చుక్కల ఆముదం వేశాను. కింది చివరను బాబాయి చెప్పినట్లే మొద్దుగా ఉంచాను. ఆముదపు వేళ్లతో ఆ కింది చివరను తాకకూడదన్నది ఈ పనిలో నేను పెట్టుకున్న నియమం. ఒక్కసారి అక్కడ నూనె అంటితే కదురు నునుపెక్కి కీచుమంటూ తిరుగుతుందే తప్ప పొడి రాల్చదు.

ఇక గంటు. గుంట పడిన తరువాత పలక అంచు నుంచి గుంట మధ్య దాకా పుచ్చకాయ ముక్క ఆకారంలో ఒక గంటు కోయాలి; రాలిన వేడి పొడి అక్కడ కుప్పపడాలి. గుంట చుట్టులో ఎనిమిదో వంతు ఉండేలా కోశాను. మొదట కోసిన గంటు మరీ ఇరుకుగా ఉండి పొడి అందులోనే బిగుసుకుంది. రెండోది వెడల్పయి పొడి చెదిరిపోయింది. మూడోది కుదిరింది. అయినా నిప్పు రాలేదు. కాని పొడి రంగు మారింది. ఈసారి కాఫీ గింజల పొడిలాగా ముదురుగా, మెత్తగా ఉంది.

అక్టోబరు 12, శనివారం, విజయదశమి

సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరకు వెళ్లాము. పాండవులు ఆయుధాలు దాచిన కథ అందరూ చెప్పుకున్నారు. నా మనస్సు మాత్రం భారతంలోనే ఉన్న మరొక కథ మీద నిలిచింది. అరణ్యపర్వం చివర ఒక బ్రాహ్మణుడు చెట్టుకు తగిలించుకున్న అరణి ఒక లేడి కొమ్ములకు చిక్కుకుంటుంది. దాన్ని తెచ్చి ఇవ్వడానికే పాండవులు లేడి వెంట పరుగెత్తి, దాహంతో ఆ కొలను చేరుతారు. యక్షప్రశ్నలు మనందరికీ తెలుసు. వాటికి దారితీసింది ఒక నిప్పు చేసే కర్ర అని ఇంతకాలం నేను గమనించలేదు. అరణి పోతే ఆ గృహస్థు అగ్నిహోత్రం ఆగిపోతుంది. ధర్మరాజు అంతటివాడు తమ్ముళ్లతో పరుగెత్తడానికి ఆ కారణం చాలు.

శ్రౌత పద్ధతిలో, అంటే వైదిక యజ్ఞాల పద్ధతిలో, అడుగు పలకను అధరారణి అని, పైదాన్ని ఉత్తరారణి అని అంటారు. జమ్మిని ఆశ్రయించి పెరిగిన రావి కర్రతో అరణి చేయాలని విధి. పై అరణి నుంచి తీసిన ముక్కను కదురు చివర అమర్చి, తాడుతో చిలుకుతారు; కదురు నెత్తిన ఒకరు అడ్డ కర్రతో నొక్కి పట్టుకుంటే మరొకరు తాడు లాగుతారు. 1975 ఏప్రిల్‌లో కేరళలోని పాంజాళ్‌లో జరిగిన అతిరాత్ర అగ్నిచయనం అనే వైదిక యాగంలోను ఇలా మథించిన నిప్పునే వాడారు. మన కోనసీమ అగ్రహారాల్లో యజ్ఞాగ్నిని ఇంట్లో నిలుపుకునే ఆహితాగ్నుల ఇళ్లలో ఈ విద్య నిన్నమొన్నటి దాకా నిత్యజీవితంలో భాగం. నేను చేస్తున్నది యజ్ఞం కాదు, నాకు ఆ అధికారమూ లేదు. కాని నొక్కే మనిషి, లాగే మనిషి వేరువేరుగా ఉండటం ఎంత తెలివైన ఏర్పాటో, ఒంటరిగా రెండు పనులూ చేసి భుజాలు పట్టుకుపోయిన నాకు బాగా తెలుస్తున్నది. దారిలో ఒక పాత ప్రహరీ గోడ మీద మొలిచిన రావిని కొట్టి పడేసి ఉంటే, ఒక కొమ్మ అడిగి తెచ్చుకున్నాను. అది పచ్చిది, ఈ దీపావళికి అందదు.

అక్టోబరు 20, ఆదివారం

ఈ రోజు నిప్పు పుట్టింది.

ఉదయం ఏడున్నరకు ఎండ బాగా కాస్తున్నప్పుడు మొదలుపెట్టాను. పన్నెండు మిల్లీమీటర్ల కదురు, మూడో గంటు. గంటు కింద ఒక ఎండు రావి ఆకు పరిచాను. మొదటి నిమిషం తేలికగా నొక్కి, నిదానంగా, విల్లు పొడుగంతా వాడుతూ లాగాను. పొగ రావడం మొదలైన తరువాత కూడా తొందరపడలేదు. ఇంతకుముందు రెండు సార్లు ఆ తొలి పొగ చూడగానే వేగం పెంచి అలసిపోయాను. ఈసారి గంటు నిండేదాకా అదే లయలో లాగి, నిండిన తరువాత నొక్కుడు పెంచి, శక్తి ఉన్నంత వేగంగా నలభై లాగుళ్లు లాగాను. పొగ తీగలాగా కాక ముద్దగా, తెల్లగా రావడం మొదలయింది. వాసన కూడా మారింది. కమురు వాసన పోయి, కుమ్మరి ఆవం దగ్గర వచ్చే ఘాటైన వాసన వచ్చింది.

విల్లు ఆపి, కదురును మెల్లగా పైకి తీశాను. నేను తిప్పడం ఆపినా పొగ ఆగలేదు. గంటులో ఉన్న పొడి కాటుకలాగా నల్లగా, గంటు ఆకారంలోనే అతుక్కుని ఉంది. దాని కొసన సన్నటి పొగ నిలువుగా లేస్తున్నది. పలకను అరచేత్తో రెండు సార్లు తట్టి, ఆకు మీద ఆ ముద్ద విడిపోకుండా పలకను పక్కకు జరిపాను. ఊదలేదు. చేత్తో మాత్రం నెమ్మదిగా విసిరాను. అరనిమిషం పాటు ఏమీ కనిపించలేదు. తరువాత ఆ నల్లటి ముద్ద లోపల, పై పొర కింద, ఆవగింజంత ఎర్రదనం కనిపించింది. అది పెసరగింజంత అయింది. చుట్టూ ఉన్న పొడిని అంచు నుంచి అంచుకు తానే తినుకుంటూ పోయింది.

ఇన్ని వారాలు నేను అపోహలో ఉన్నాను. కదురు అంటుకుంటుందని, పలక అంటుకుంటుందని ఎదురుచూశాను. అవి రెండూ అంటుకోవు. కర్ర నల్లగా మాడి రాలిన పొడి, సుమారు నాలుగు వందల డిగ్రీల దగ్గర, గాలి తగిలే చోట, తన వేడిని తాను కాపాడుకునేంత కుప్పగా ఉన్నప్పుడు అంటుకుంటుంది. కదురు, పలక, విల్లు అన్నీ ఆ చిటికెడు పొడిని తయారు చేసే తిరగలి మాత్రమే. లేత గోధుమ రంగు పొడి అంటే వేడి చాలలేదని, కాఫీ రంగు అంటే దగ్గరకు వచ్చామని, కాటుక రంగు అంటే ఇక లాగడం ఆపి చూడవచ్చని ఇప్పుడు రంగును బట్టే చెప్పగలను.

పాపను పిలిచి చూపించేలోగా ఉత్సాహంతో ఊదాను. ముద్ద చెదిరి ఆరిపోయింది. "నాన్నా, నేను చూడకుండానే పోయిందా?" అని అది అడిగినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. మళ్లీ తిప్పే శక్తి మాత్రం చేతుల్లో లేదు.

అక్టోబరు 27, ఆదివారం

నిప్పు కణికను మంటగా మార్చడం మరొక విద్య. బూరుగు దూదిలో పెట్టి చూశాను. దూది నల్లబడుతూ రాజుకుంటూ పోయింది గాని మంట ఎత్తుకోలేదు. కొబ్బరి పీచును వేళ్లతో బాగా విడదీసి, దాని మధ్య నలిపిన ఎండు అరటి ఆకును పెట్టి, పిచ్చుక గూడులాగా కట్టాను. కణికను ఆకుతో సహా అందులోకి జార్చి, పీచుతో కప్పి, గూడును ముఖానికి కొంచెం పైగా పట్టుకుని, దీర్ఘంగా, సన్నగా ఊదాను. పొగ పసుపు రంగుకు తిరిగి చిక్కబడినప్పుడు మరొక్క ఊదుకు మంట లేచింది. వెంటనే మట్టి మూకుడులో వేశాను.

ఈ రోజు అయిదు సార్లు ప్రయత్నిస్తే మూడు సార్లు మంట వచ్చింది. విఫలమైన రెండింటిలో ఒకసారి గాలి, ఒకసారి చెమట చుక్క కణిక మీద పడటం కారణాలు. తలకు తువ్వాలు కట్టుకోవాలి. శ్రౌత ఏర్పాటును అనుసరించి నా భార్య చిప్పను నొక్కి పట్టుకోగా నేను విల్లు లాగినప్పుడు, ఒంటరిగా పట్టే సమయంలో సగం కూడా పట్టలేదు.

అక్టోబరు 31, గురువారం, దీపావళి

సాయంత్రం ఆరుంబావుకు పెరటిలో కూర్చున్నాము. టపాకాయల బుట్టను ఇంటి లోపల, తలుపు వేసి ఉంచాము. బకెట్టు, ఇసుక సిద్ధం. పలకలో కొత్త గుంట, కొత్త గంటు. ఆమె చిప్ప పట్టుకుంది, నేను విల్లు లాగాను, పాప రెండు గజాల దూరంలో నిలబడి లాగుళ్లు లెక్కపెట్టింది. నూట పన్నెండు దగ్గర నేను ఆపాను. పొగ ఆగలేదు. ఈసారి ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ ఊదలేదు. పాప మోకాళ్ల మీద కూర్చుని, ఆవగింజంత ఎరుపు కనిపించగానే మెల్లగా, "వచ్చింది నాన్నా," అంది.

పీచు గూడు మూడో ఊదుకు మండింది. మూకుడులో నుంచి ప్రమిద, ప్రమిద నుంచి గోగు కాడలకు కట్టిన నూనె వత్తులు వెలిగాయి. పాప దివిటీలు కొట్టి, కాళ్లు కడుక్కుని, వెనుదిరిగి చూడకుండా లోపలికి వెళ్లి తీపి తిని వచ్చింది. ఆ తరువాత ప్రమిద నుంచే కాకరపువ్వొత్తి, దాని నుంచి మొదటి చిచ్చుబుడ్డి వెలిగించాము. రాత్రంతా అగ్గిపెట్టె తెరవలేదు. ప్రమిదలో రెండుసార్లు నూనె పోశాము.

పలకలో ఇంకా నాలుగు గుంటలకు చోటుంది. కదురు పద్నాలుగు సెంటీమీటర్లకు అరిగింది. విజయదశమి నాడు తెచ్చిన రావి కొమ్మను ఈ రాత్రే పలకగా చీల్చి తూచి, అటక ఎక్కించాను: 412 గ్రాములు.